పురుగుల మందు అనుకున్న రాత్రి: అమిట్రిప్టిలిన్ విషప్రభావానికి చికిత్స

వరంగల్, హనుమకొండ ప్రాంతంలో అత్యవసర విభాగంలో పనిచేసే ఎవరి చేయైనా ముందుగా పురుగుల మందుకు విరుగుడైన అట్రోపిన్ ఆంప్యూల్ మీదికే పోతుంది. పత్తి, మిరప పండించే పల్లెల నుంచి స్పృహ తప్పి వచ్చే మనిషి పురుగుల మందు తాగి ఉంటాడన్న అంచనా చాలాసార్లు నిజమే అవుతుంది కాబట్టి ఆ అలవాటును తప్పుపట్టలేము. ఆ అంచనా తప్పిన ఒక డిసెంబరు రాత్రి గురించి ఇది రాస్తున్నాను. రోగిని గుర్తుపట్టడానికి వీలయ్యే వివరాలు మార్చాను. ఎన్ని గోలీలు మింగిందన్న లెక్కను కావాలనే వదిలేశాను. చికిత్సలో ఏ నిర్ణయమూ ఆ లెక్క మీద ఆధారపడలేదు.

రోగి వచ్చిన స్థితి

ముప్పై ఒక్క ఏళ్ల స్త్రీ, పరకాల వైపు పల్లె. పత్తి ఏరి ఇంటికి వచ్చిన భర్త సాయంత్రం ఏడున్నర ప్రాంతంలో ఆమె మగతగా పడి ఉండడం చూశాడు. వాకిట్లో స్ప్రే పంపు, దాని పక్కన మందు డబ్బా ఉన్నాయి. ఊళ్లో వైద్యం చేసే ఆర్‌ఎంపీ ఆ డబ్బాను చూసి, 0.6 మిల్లీగ్రాముల అట్రోపిన్ ఆంప్యూళ్లు అయిదు నరానికి ఎక్కించి, 108కు ఫోన్ చేయించాడు. ఆమె మా దగ్గరికి చేరేసరికి 9:40 అయింది. చేతిలో పెట్టిన చీటీ మీద "ఓపీ పాయిజన్, అట్రోపిన్ ఇచ్చాము" అని మాత్రమే ఉంది (ఓపీ అంటే ఆర్గానోఫాస్ఫేట్, పురుగుల మందుల్లో ఒక రకం).

పిలిస్తే కళ్లు తెరవడం లేదు, నొప్పి కలిగిస్తే తెరుస్తున్నది, మూలుగు తప్ప మాట లేదు. స్పృహను కొలిచే గ్లాస్గో స్కోరు 15కు 9. నాడి నిమిషానికి 138, రక్తపోటు 86/50, శ్వాస 22, ఆక్సిజన్ సంతృప్తత 93 శాతం, జ్వరం 100.8 డిగ్రీల ఫారెన్‌హీట్. కనుపాపలు 7 మిల్లీమీటర్లు, వెలుతురుకు మందకొడిగా కదులుతున్నాయి. నాలుక ఎండిపోయి ఉంది. చంకలో చేయి పెట్టి చూస్తే చెమట చుక్క లేదు. పొట్ట మీద స్టెతస్కోప్ పెట్టి నిమిషంపాటు విన్నా పేగుల చప్పుడు లేదు, మూత్రాశయం బొడ్డు దాకా ఉబ్బి చేతికి తగులుతున్నది. చక్కెర 112. మధ్యమధ్య భుజాలు, చేతులు ఉలిక్కిపడినట్లు ఎగురుతున్నాయి.

ఇక్కడే చిక్కు ఉంది. వెడల్పైన కనుపాపలు, ఎండిన నోరు, వేగమైన నాడి, ఆగిన పేగులు, ఇవన్నీ 3 మిల్లీగ్రాముల అట్రోపిన్ పడిన మనిషిలో ఉండదగినవే. అందువల్ల "అట్రోపిన్ బాగానే పట్టింది, ఇక ప్రాలిడాక్సిమ్ మొదలుపెడదాం" అని (అది ఆర్గానోఫాస్ఫేట్‌కు ఇచ్చే రెండో విరుగుడు) మా హౌస్ సర్జన్ అన్న మాటలో తర్కం లేకపోలేదు. కానీ అట్రోపిన్ రక్తపోటును ఇలా దించదు, ఆ మోతాదులో మనిషిని ఇంతగా మగతలోకి నెట్టదు. ఆర్గానోఫాస్ఫేట్ తాగినవారి నోటి నుంచి, బట్టల నుంచి వచ్చే ఆ ఘాటు వాసన ఈమె దగ్గర లేదు. తొడ కండరాల్లో చర్మం కింద పురుగులు పాకినట్లుండే కదలికలు లేవు, ఊపిరితిత్తుల్లో గురగుర లేదు. అట్రోపిన్ వేయక ముందు నోటి నుంచి నురగ వచ్చిందా, చెమటలు పట్టాయా, బట్టల్లో విరేచనమైందా అని భర్తను అడిగితే మూడింటికీ లేదనే చెప్పాడు. "ఏం మందు తాగింది?" అన్న ప్రశ్నకు మాత్రం "తెల్వదు సార్, పురుగుల మందే అయ్యుంటది" అని నేల చూపులు చూశాడు. ఆ చూపు సంగతి తర్వాత రాస్తాను.

ఈసీజీ కాగితం

ఈసీజీ యంత్రం వేరే వార్డులో ఉండడం వల్ల అది చేతికందేసరికి 9:58 అయింది. స్పృహ లేని విషబాధితుడి మంచం పక్కకు ఆక్సిజన్ ఎంత తొందరగా రావాలో ఈసీజీ కూడా అంత తొందరగా రావాలి; పద్దెనిమిది నిమిషాలు ఎక్కువ.

కాగితం మీద సైనస్ టాకికార్డియా, అంటే లయ తప్పని వేగమైన నాడి, నిమిషానికి 140. గుండె కింది గదుల్లో విద్యుత్ పాకే సమయాన్ని చూపే క్యూఆర్‌ఎస్ భాగం వెడల్పు 136 మిల్లీ సెకన్లు, ఉండవలసింది 100 లోపు. యంత్రం పైన ముద్రించే అంకెను నేను నమ్మను, చేత్తో లెక్కపెడతాను. కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగంతో నడిచినప్పుడు ఒక చిన్న గడి 40 మిల్లీ సెకన్లు. రెండున్నర గడులు దాటితే 100 దాటినట్టే. ఇక్కడ దాదాపు మూడున్నర గడులున్నాయి. తర్వాత గుండెను కుడి భుజం వైపు నుంచి చూసే ఏవీఆర్ లీడ్ చూశాను. మామూలుగా ఈ లీడ్‌లో గీత కిందికే దిగుతుంది, అందుకే చాలామంది దాన్ని చూడకుండానే వదిలేస్తారు. ఈమెలో క్యూఆర్‌ఎస్ చివర ఆర్ తరంగం నాలుగు చిన్న గడులు పైకి లేచింది. ఒకటో లీడ్‌లోనూ, ఏవీఎల్‌లోనూ ఎస్ తరంగం లోతుగా ఉంది.

వేగమైన నాడి, వెడల్పైన క్యూఆర్‌ఎస్, ఏవీఆర్‌లో లేచిన ఆర్, పడిపోయిన రక్తపోటు, మగత, ఈ అయిదూ ఒకచోట కలిస్తే సోడియం ఛానళ్లను మూసే విషం లోపల ఉన్నట్లే, అందులో మొదట తలచవలసింది ట్రైసైక్లిక్ యాంటీ డిప్రెసెంట్‌నే (డిప్రెషన్‌కు వాడే పాతతరం మందులు, అమిట్రిప్టిలిన్ వాటిలో ఒకటి). పొటాషియం పెరిగినా క్యూఆర్‌ఎస్ వెడల్పవుతుంది కాబట్టి గ్యాస్ యంత్రంలో వెంటనే చూశాము, 3.6, అంటే మామూలుగానే ఉంది. ఇంట్లో ఎవరు ఏ గోలీలు వాడుతున్నారో ఇంకా మాకు తెలియదు. అయినా దీనికి విరుగుడైన సోడియం బైకార్బొనేట్ తెమ్మన్నాను.

రక్తంలో మందు స్థాయి కొలవడం మన దగ్గర కుదరదు. కుదిరినా ఫలితం వచ్చేలోగా అవసరం దాటిపోతుంది. బోనర్ట్, లవ్‌జాయ్ అనే ఇద్దరు 1985లో 49 మంది ట్రైసైక్లిక్ బాధితులను పరిశీలించి, క్యూఆర్‌ఎస్ 100 మిల్లీ సెకన్ల లోపున్నవారిలో ఫిట్స్ గానీ ప్రమాదకరమైన లయ తప్పడం గానీ రాలేదని, 100 నుంచి ఫిట్స్ ముప్పు, 160 నుంచి వెంట్రిక్యులర్ అరిథ్మియా ముప్పు మొదలవుతాయని, ఈ విషయంలో రక్తంలోని మందు స్థాయి కంటే ఈసీజీయే మెరుగైన సూచిక అని చూపారు. ఏవీఆర్‌లో ఆర్ తరంగం 3 మిల్లీమీటర్లు దాటడం కూడా అటువంటి హెచ్చరికే అని 1995లో మరో బృందం తేల్చింది. ఆ లెక్కన మా రోగి ఫిట్స్ వచ్చే మండలంలో ఉంది.

మొదటి గంట

మన మార్కెట్‌లో దొరికే బైకార్బొనేట్ 7.5 శాతం ద్రావణం, 25 మిల్లీ లీటర్ల ఆంప్యూల్‌లో సుమారు 22 మిల్లీ ఈక్వివలెంట్లు ఉంటాయి. విదేశీ పుస్తకాల్లో లెక్కలన్నీ 8.4 శాతానికి రాసి ఉంటాయి కాబట్టి గాభరాలో ఆంప్యూళ్ల సంఖ్య తప్పే అవకాశం ఎక్కువ. మా ట్రాలీ మూత మీద ఈ అంకెను అంటించి పెట్టాము. ఆమె బరువు సుమారు 52 కిలోలు. కిలోకు ఒకటి నుంచి రెండు మిల్లీ ఈక్వివలెంట్ల లెక్కన నాలుగు ఆంప్యూళ్లు అయిదు నిమిషాల్లో, ఈసీజీ నడుస్తుండగానే ఎక్కించాము. 10:10కి తీసిన కాగితంలో క్యూఆర్‌ఎస్ 112కు తగ్గింది, రక్తపోటు 96/60కి పెరిగింది. మందు పడుతుండగానే గీత సన్నబడడం కళ్లారా చూస్తే రోగనిర్ధారణకు వేరే రుజువు అడగబుద్ధి కాదు.

హౌస్ సర్జన్లకు ఈ విషయం చెప్పేటప్పుడు నేను చెరువు తూమును గుర్తుచేస్తాను. పాకాల, రామప్ప చూసినవారికి ఇది వెంటనే తలకెక్కుతుంది. గుండె కండరంలోకి సోడియం వచ్చే తూముకు ఈ మందు చెత్తలా అడ్డం పడుతుంది, దాంతో విద్యుత్ ప్రవాహం నెమ్మదించి క్యూఆర్‌ఎస్ సాగుతుంది. బైకార్బొనేట్ రెండు పనులు చేస్తుంది: అందులోని సోడియం చెరువులో నీటిమట్టాన్ని పెంచి ఒత్తిడి పెడుతుంది, రక్తాన్ని క్షారం వైపు తిప్పడం వల్ల చెత్త తూము నుంచి వదులవుతుంది. రక్తం ఆమ్లమైతే ఇదంతా తలకిందులై పట్టు బిగుస్తుంది. ఈ చివరి వాక్యం మాకు అరగంటలోనే అనుభవానికి వచ్చింది.

10:20కి రోగి మరిది ఊరి నుంచి వాట్సాప్‌లో ఫోటో పంపాడు. ఖాళీ అయిన గోలీ పట్టీలు, అమిట్రిప్టిలిన్, క్లోర్‌డయాజిపాక్సైడ్ కలిసిన మందు. అత్తగారికి షుగర్ వల్ల వచ్చిన కాళ్ల మంటలకూ, నిద్రకూ కలిపి ఎవరో మూడు నెలలకు సరిపడా ఒకేసారి రాసిచ్చిన గోలీలు అవి. డబ్బాలోని పారాసిటమాల్ పట్టీలు చెక్కుచెదరకుండా ఉన్నాయని కూడా ఆ ఫోటోలోనే తెలిసింది. పారాసిటమాల్ మోతాదు మించితే కాలేయం పాడవుతుంది కాబట్టి అది చిన్న విషయం కాదు.

క్లోర్‌డయాజిపాక్సైడ్ పేరు చూడగానే అటువంటి మత్తు గోలీలకు (బెంజోడయాజిపీన్లకు) విరుగుడైన ఫ్లూమజెనిల్ ఇచ్చి మగత తేలుద్దామా అన్న ప్రశ్న వచ్చింది. ఈ మిశ్రమంలో బెంజోడయాజిపీన్ ఒకరకంగా రోగిని ఫిట్స్ నుంచి కాపాడుతున్న భాగం. దాన్ని తీసేస్తే అమిట్రిప్టిలిన్ ఒక్కటే మిగులుతుంది. ఇవ్వలేదు. అట్రోపిన్ తరహా లక్షణాలకు విరుగుడైన ఫైసోస్టిగ్మిన్‌కూ ఇక్కడ తావు లేదు, క్యూఆర్‌ఎస్ వెడల్పైన ట్రైసైక్లిక్ రోగుల్లో గుండె ఆగిన ఉదంతాలున్నాయి.

10:32కి ఫిట్స్ వచ్చింది. ఒంటినిండా, దాదాపు నిమిషంన్నర. లోరాజెపామ్ 2 మిల్లీగ్రాములు, వెంటనే మరో 2. అప్పటికే సిస్టర్ ఫెనిటోయిన్ తీసి సిరంజిలో నింపింది, ఎందుకంటే మా వార్డులో ఫిట్స్ అంటే రెండో మందు అదే. ఫెనిటోయిన్ కూడా సోడియం ఛానల్‌ను మూసే మందే కాబట్టి ఆ సిరంజిని పక్కన పెట్టించాను. లోరాజెపామ్‌కు లొంగకపోతే ప్రొపోఫాల్ వాడాలనుకున్నాము, అవసరం పడలేదు.

ఫిట్స్ ఆగింది గానీ మానిటర్ మీద గీత అడ్డంగా విస్తరించింది. క్యూఆర్‌ఎస్ 148, పై రక్తపోటు 70. ధమని రక్తంలో పీహెచ్ 7.25, కార్బన్ డయాక్సైడ్ 38, బైకార్బొనేట్ 16. కండరాలు కొట్టుకోవడం వల్ల పుట్టిన ఆమ్లం తూమును మళ్లీ బిగించింది. మరో నాలుగు ఆంప్యూళ్లు ఇస్తూనే శ్వాసనాళంలో ట్యూబు వేశాము. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మత్తు, కండరాలను సడలించే మందు ఇచ్చాక శ్వాస ఆగిన ఆ నిమిషం కార్బన్ డయాక్సైడ్ పెరిగి పీహెచ్ ఇంకా పడిపోతుంది, చాలామంది రోగుల గుండె ఆగేది అప్పుడే. అందుకే బైకార్బొనేట్ బోలస్ (ఒక్కసారిగా ఎక్కించే మోతాదు) ముందు, ట్యూబు తర్వాత. ట్యూబు కూడా ఆ గదిలో అందరికంటే అనుభవం ఉన్న చేతితో ఒకే ప్రయత్నంలో పడాలి. వెంటిలేటర్ మీద శ్వాసను 24కు పెట్టాము. 11:15కి పీహెచ్ 7.50, కార్బన్ డయాక్సైడ్ 32, క్యూఆర్‌ఎస్ 106. సెలైన్ లీటరున్నర వెళ్లినా రక్తపోటు 88 దాటకపోవడంతో నోరడ్రినలిన్ మొదలుపెట్టాము. రక్తనాళాలను బిగించే ఆల్ఫా గ్రాహకాలను అమిట్రిప్టిలిన్ మూస్తుంది కాబట్టి వాటి మీద నేరుగా పనిచేసే నోరడ్రినలినే సరైన ఎంపిక.

కడుపు కడగకపోవడం

వరండాలో బంధువులు పదేపదే అడిగినది ఒకటే: "కడుపు కడగలేదా సార్?" మన దగ్గర విషం తిన్న మనిషికి కడుపు కడగకపోవడమంటే వైద్యం చేయకపోవడం కిందే లెక్క. వారి కోణంలో అది సహజమైన ప్రశ్నే. ఆమె గోలీలు మింగింది సాయంత్రం ఆరు ప్రాంతంలో అని అంచనా, అంటే మా దగ్గరికి వచ్చేసరికే మూడున్నర గంటలు దాటాయి. గంట దాటాక కడిగితే బయటికి వచ్చేది చాలా తక్కువ, మగతలో ఉన్న రోగికి ట్యూబు వేయకుండా కడిగితే కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. యాక్టివేటెడ్ చార్‌కోల్ విషయంలో నేను కొంత ఊగిసలాడాను. ఈ మందు పేగులను నెమ్మదింపజేస్తుంది కాబట్టి ఆలస్యంగా ఇచ్చినా కొంత పనికొస్తుందనే వాదన ఉంది, శ్వాసనాళం భద్రంగా ఉంది కూడా. కానీ పేగుల చప్పుడు అసలే లేని పొట్టలో 50 గ్రాముల బొగ్గు పోస్తే అది అక్కడే గడ్డకట్టే ప్రమాదం ఎక్కువని తోచి మానుకున్నాను. మరొకరు ఇచ్చి ఉంటే వాదించను. డయాలసిస్ గురించి కూడా అడిగారు. ఈ మందు రక్తంలో కంటే కణజాలాల్లోనే ఎక్కువగా దాక్కుంటుంది కాబట్టి రక్తాన్ని ఎంత శుద్ధి చేసినా చేతికి చిక్కదు.

మూత్రానికి కెథెటర్ వేస్తే 900 మిల్లీ లీటర్లు వచ్చాయి. అంతవరకూ కాళ్లు చేతులు విసురుతున్న మనిషి ట్యూబు మత్తుతో పాటు దీనివల్ల కూడా కుదుటపడింది.

తెల్లవారుజామున జరిగిన నా పొరపాటు

850 మిల్లీ లీటర్ల 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లో ఏడు ఆంప్యూళ్ల బైకార్బొనేట్ కలిపి గంటకు 150 మిల్లీ లీటర్ల చొప్పున డ్రిప్ నడిపాము. పీహెచ్ 7.45కు, 7.55కు మధ్య ఉంచాలన్నది లక్ష్యం. పీహెచ్‌ను, క్యూఆర్‌ఎస్‌ను గంటగంటకూ చూస్తూ పొటాషియాన్ని మాత్రం మరిచాను. రక్తం క్షారమయ్యేకొద్దీ పొటాషియం కణాల్లోకి పోతుందని తెలియక కాదు. క్యూఆర్‌ఎస్ 98కి దిగిందన్న తృప్తిలో కన్ను పడలేదు. నాలుగింటికి చూస్తే పొటాషియం 2.6, సోడియం 148, అన్నిటికంటే భయపెట్టినది క్యూటీసీ (గుండె ఒకసారి కొట్టుకున్నాక విద్యుత్‌పరంగా తిరిగి సిద్ధమవడానికి పట్టే సమయం) 530. అమిట్రిప్టిలిన్ క్యూటీని తనంతట తానే పొడిగిస్తుంది, దానికి పొటాషియం లేమి తోడైతే టార్సేడ్స్ అనే ప్రాణాంతకమైన లయ తప్పడానికి దారి వేసినట్లే. డ్రిప్ వేగం సగానికి తగ్గించి, సెంట్రల్ లైన్ ద్వారా గంటకు 20 మిల్లీ ఈక్వివలెంట్ల చొప్పున పొటాషియం, 2 గ్రాముల మెగ్నీషియం ఇచ్చాము. ఏడింటికి పొటాషియం 3.3కు చేరింది. అప్పటి నుంచి మా దగ్గర బైకార్బొనేట్ డ్రిప్ రాసిన ప్రతి షీటులోనూ రెండు గంటలకొకసారి పొటాషియం అన్న గడి తప్పనిసరి చేశాము.

గుండె ఆగిపోతే, లేదా బైకార్బొనేట్‌కు లొంగకుండా రక్తపోటు కూలితే వాడదామని ఐసీయూలో నోటితో తినలేని రోగుల పోషణకు ఉంచే 20 శాతం కొవ్వు ఎమల్షన్ సీసాను తెప్పించి మంచం పక్కన పెట్టాము. సీలు తీయకుండానే తిరిగి పంపాము.

మరుసటి రోజు మధ్యాహ్నానికి నోరడ్రినలిన్ ఆగింది. ఆరు గంటలపాటు క్యూఆర్‌ఎస్ 90 దగ్గరే నిలిచాక రాత్రి ఎనిమిదికి బైకార్బొనేట్ ఆపి, ఆపాక కూడా 24 గంటలు మానిటర్ మీదే ఉంచాము. ఆర్గానోఫాస్ఫేట్ తాగితే తగ్గిపోయే సూడోకోలినెస్టరేస్ ఎంజైమ్ ఫలితం మామూలుగా వచ్చింది. పురుగుల మందు కథ అక్కడితో ముగిసింది. కుడి ఊపిరితిత్తి కింది భాగంలో చిన్న నిమోనియా తేలితే యాంటీబయాటిక్ ఇచ్చాము. మూడో రోజు ఉదయం ట్యూబు తీశాము.

ట్యూబు తీశాక రెండు రోజులు ఆమె ఈ లోకంలో లేదు. మంచం మీద కూర్చుని, దుప్పటి మీద నుంచి ఏదో మూడు వేళ్లతో పట్టి తెంపి, ఒడిలోని లేని సంచిలో వేసుకుంటూ ఉండేది. తల్లి చూసి "పత్తి ఏరుతున్నది బిడ్డ" అని ఏడ్చింది. పుస్తకాల్లో యాంటీ కోలినెర్జిక్ డెలీరియమ్ (ఇలాంటి మందుల వల్ల వచ్చే మతిభ్రమ) గురించి రాసేటప్పుడు గాలిలో వస్తువులను ఏరడం అని ఒక లక్షణం రాస్తారు. పరకాల మనిషి చేతుల్లో అది పత్తి ఏరడమే అవుతుంది. హాలోపెరిడాల్ క్యూటీని పొడిగిస్తుంది, ఫిట్స్ హద్దును దించుతుంది కాబట్టి దాని జోలికి పోలేదు. కొద్దిపాటి లోరాజెపామ్, వెలుతురున్న గది, పక్కన తల్లి, ఇంతే. అయిదో రోజు ఉదయం ఆమె నన్ను చూసి "ఏ ఊరి దవాఖాన ఇది?" అని అడిగింది.

భర్త నేల చూపులు

గోలీల సంగతి భర్తకు మొదటి నుంచీ తెలుసు. పోలీసు కేసు అవుతుందని, భార్య కోర్టు చుట్టూ తిరగాల్సి వస్తుందని భయపడి చెప్పలేదు. ఈ భయానికి మందు మా దగ్గరే ఉంది, కానీ మేము దాన్ని మొదటి అయిదు నిమిషాల్లో వాడడం లేదు. మెడికో లీగల్ సమాచారం పోలీసులకు పంపడం మా విధి, పంపాము. అయితే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, వేరుగా రుజువైతే తప్ప, ప్రాణం తీసుకోబోయిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లే భావించాలి, శిక్షించకూడదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతి 309వ సెక్షన్‌ లాంటి సాధారణ నేరమే లేదు. ఇప్పుడు రోగి బంధువులతో నా మొదటి వాక్యం "ఏం తాగింది?" అన్నది కాదు. "ఆమెకు శిక్ష పడదు, మీరు చెప్పేది మందు కోసమే" అని చెప్పి, ఆ తర్వాత "ఇంట్లో ఎవరెవరు ఏ గోలీలు వాడుతున్నరు?" అని అడుగుతాను.

ఆరో రోజు మానసిక వైద్యుడు గంటసేపు మాట్లాడాక తెలిసింది, ఆమె నెలల తరబడి తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటున్నదని, అన్నం సహించడం లేదని, ఇంట్లో అందరూ దాన్ని రక్తం తక్కువై వచ్చిన నీరసం అనుకున్నారని. చికిత్స లేని డిప్రెషన్. క్యూటీసీ మామూలు స్థితికి వచ్చాక సెర్ట్రలిన్ 50 మిల్లీగ్రాములతో మొదలుపెట్టారు. మోతాదు మించినా గుండె మీద ట్రైసైక్లిక్‌ల కంటే చాలా తక్కువ ప్రభావం చూపే మందు అది. రాత్రిపూట మాట్లాడవలసి వస్తే వాడమని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 డిశ్చార్జి కాగితం మీద పెద్ద అక్షరాలతో రాశాము, అది తెలుగులోనూ పలుకుతుంది.

రెండు వారాలకు తీసిన ఈసీజీలో క్యూఆర్‌ఎస్ 84, ఏవీఆర్‌లో గీత కిందికే దిగింది. అత్తగారి అమిట్రిప్టిలిన్ ఆపించి కాళ్ల మంటలకు వేరే మందు రాశాము. ఆ ఇంటి మందుల డబ్బా ఇప్పుడు అదే ఊళ్లో ఉన్న ఆడబిడ్డ ఇంట్లో బీరువాలో ఉంటుంది. ప్రతి ఆదివారం ఆమె వచ్చి వదినకు ఏడు గోలీలు, తల్లికి ఏడు గోలీలు లెక్కపెట్టి ఇచ్చి, అక్కడే కూర్చుని చాయ్ తాగి వెళ్తుంది.